సున్నా పొడవు గట్టు
(సర్వే శాఖ విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



గొలుసు లాగి, క్రాస్ స్టాఫ్ పాతి ఆఫ్‌సెట్లు తీసిన వాళ్లం మనం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు ఆ పనిలోకి దిగాయి. లెక్క కట్టేది కంప్యూటరు. ఆ లెక్కలో ఒక చిక్కును గురించి మనవి చేస్తాను.

ఒక బావి నుంచి గట్టుకు దూరం కావాలి. బావిని, గట్టు చివరల రెండు రాళ్లను కలిపితే త్రిభుజం. దాని వైశాల్యాన్ని రెట్టించి గట్టు పొడవుతో భాగిస్తే ఆఫ్‌సెట్టు. లంబం గట్టు దాటి పడితే దగ్గరి రాయికి కొలుస్తాం. ఇది మనకు తెలిసిందే.

ఒకే మూల రెండుసార్లు నమోదైతే? పొడవు సున్నా, వైశాల్యమూ సున్నా. సున్నాను సున్నాతో భాగించమంటే మనిషి కలం ఆపి అడుగుతాడు. కంప్యూటరు చాలాసార్లు ఆగదు. 1985 నాటి ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం ప్రకారం ‘సంఖ్య కాదు’ అని గుర్తు వేసుకుని సాగిపోతుంది. ఆ గుర్తును చూపి ‘ఫలానా దానికన్నా తక్కువా?’ అని ఎన్నిసార్లడిగినా ‘కాదు’ అనే జవాబిస్తుంది.

గట్టుకు 10 మీటర్లలోపు బావి తవ్వరాదని షరతు అనుకుందాం. బావి ఆ మూలకు 5 మీటర్లలోనే ఉంది. ప్రోగ్రాము మొదటి గట్టు దూరాన్ని పట్టుకుని, మిగతావి అంతకన్నా తక్కువా అని చూస్తుంది. మొదటిదే సున్నా పొడవు గట్టయితే అన్నిటికీ ‘కాదు’. చివరకు ‘10 కన్నా తక్కువా?’ అన్నా ‘కాదు’. బావికి అనుమతి దొరికినట్లే! అదే గట్టు వరుస మధ్యలో వస్తే జవాబు సరిగానే ఉంటుంది. లెక్క ఏ రాయి దగ్గర మొదలైందన్న దానిమీద పక్క రైతు హక్కు ఆధారపడవచ్చునా?

మందు సులభమే. భాగించే ముందే పొడవు చూడాలి. సున్నా అయితే ఆ గట్టును రాయిగా భావించి నేరుగా కొలవాలి. తూర్పుకు 3, ఉత్తరానికి 4 మీటర్లయితే దూరం 5. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లున్నా ఇదే మేలు. కొలతలోని తేడాయే అంతకు మించి ఉంటుంది. మూడు రాళ్లు ఒకే వరుసలో పడి వైశాల్యం సున్నా అయిన త్రిభుజాన్నీ వదిలేయరాదు. మూడు భుజాలకూ కొలిచి తక్కువది తీసుకోవాలి. విస్తీర్ణం లేకపోయినా దానికి చోటుంది.

మిత్రులారా! పటం చేతికందినప్పుడు రెండు రాళ్లకు ఒకే అంకెలున్నాయేమో చూడండి. ప్రోగ్రాములు రాసే మీ పిల్లలకు, మనుమలకు ఈ మాట చెప్పండి.