పనివాని వలస – పరిశ్రమ బలము
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన పద్మశాలీయులు పెక్కురు మగ్గముల పనికై షోలాపురమునకును, భివండికిని తరలిన వృత్తాంతము మీరెల్లరు నెఱిగినదే. పోయిరని చింతించువారు కొందరు, బాగుపడిరని సంతసించువారు కొందరు. వారిని చేర్చుకొన్న యూరికి కలిగిన బలమెంత యని యడుగువారు మాత్రము అరుదు. ఇందుకు పాశ్చాత్యదేశముల చరిత్రమునుండి రెండు దృష్టాంతములు విన్నవించెదను.

ఫ్రాన్సు రాజైన 4వ హెన్రీ 1598లో ప్రొటెస్టంటులకు నాంట్ శాసనముచే అభయమిచ్చెను. అతని మనుమడు 14వ లూయీ 1685లో దానిని రద్దుచేసెను. దేశము విడువరాదని ఆజ్ఞ యున్నను, లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు జనులు ఎల్లలు దాటిరని చరిత్రకారుల అంచనా. పట్టునేతగాండ్రును, గడియారములు చేయువారును వారిలో నుండిరి. ఆ యేటనే బ్రాండెన్‌బర్గు ప్రభువు ఫ్రెడరిక్ విలియం పన్నులు మినహాయించి వారిని పిలిచెను. లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు వారి రాకచే పట్టునేతకు ప్రసిద్ధి కెక్కెను. కూలి తగ్గునని అచ్చటి నేతగాండ్రు సణగకపోలేదు. ఆ భయము వట్టిదని నేననను.

ఇక రెండవది. నేర్పరులైన పనివారు పరదేశములకు పోరాదని ఇంగ్లండున చట్టముండెను. 1824లో గాని అది తొలగలేదు. ఆ చట్టము అమలులో నుండగనే, నూలుమిల్లులో పని నేర్చిన శామ్యూల్ స్లేటరను ఇరువదియొక్క యేండ్ల యువకుడు 1789లో సేద్యగానివలె వేషము దాల్చి అమెరికాకు ఓడ యెక్కెను. సుంకపువారు పెట్టెలు సోదా చేయగలరు. తలను సోదా చేయుటెట్లు? 1790లో పాటకెట్ అను చోట, నీటిబలముతో నూలు వడకు యంత్రములను అతడు జ్ఞాపకమునుండియే నిలిపెను. ఆ దేశమున అట్టి మిల్లు జయప్రదముగా నడచుట అదియే మొదలు.

అయితే స్లేటరొక్కడే ఇదంతయు చేసెనని తలపరాదు. మోజెస్ బ్రౌను అను వర్తకుని ధనమును, ఆ యూరి కమ్మరి చేతిపనియు తోడుకానిచో అతని జ్ఞాపకము జ్ఞాపకముగనే యుండెడిది. పోషకులు ఈ మాటను ప్రత్యేకముగ ఆలకింప వేడెదను. సత్రములకు మీరు ధారాళముగ నిచ్చితిరి. పనికి ఇచ్చినది స్వల్పము.

షోలాపురమున జకార్డు దుప్పట్ల నేతలో చేయి తిరిగినవారిని ఏటికి ఇద్దరినైనను సిరిసిల్లకు రప్పించి, తగిన జీతమిచ్చి, మన యువకులకు ఆ పని నేర్పింపవలెనని నా సూచన. దారిఖర్చును, జీతమును, రెండు మగ్గముల వెలయు లెక్కగట్టి కార్యదర్శిగారికి ఒప్పగించితిని. ఆ కాగితము నేటి మధ్యాహ్నపు కూటమున మీ యెదుట పెట్టబడును.