వరద తీశాక ఇన్సూరెన్సు సొమ్ము రాబట్టుకోవడం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఇన్సూరెన్సు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వరద సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో హాఫిజ్ బాబానగర్ ఇళ్ళల్లోకి చెరువు నీళ్ళు వచ్చాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను బుడమేరు ముంచింది. అప్పుడు ప్రభుత్వం కింది అంతస్తు వారికి 25,000, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రకటించింది. అది సర్కారు సాయం. ఇన్సూరెన్సు సొమ్ము అలాంటిది కాదు. ప్రీమియం కట్టినవారికి కంపెనీ పడ్డ బాకీ అది. అడగడానికి మొహమాటం దేనికి?

ముందు అసలు పాలసీ ఉందో లేదో చూసుకోండి. నవ్వకండి! బ్యాంకు లోను మీద ఇల్లు కొన్నవారిలో కొందరికి పాలసీ ఉన్నట్టే తెలియదు. లోనుతోపాటు ఇన్సూరెన్సు చేయించి ఉంటారు, కాగితం ఫైల్లో పడి ఉంటుంది. వెళ్ళి కాపీ అడగండి. అందులో గోడలకేనా, సామానుకు కూడానా అన్నది చదివించుకోండి.

2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. వరద నష్టం అందులో ఉంది. ఇంటికీ సామానుకూ కలిపి తీసుకుంటే, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, సామానుకు దానంతటదే వర్తిస్తుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. నగలకు విడిగా చేయించాలి. నోట్ల కట్టలు, దస్తావేజులు, బండి ఇందులోకి రావు. బండికి దాని పాలసీ దానిదే. ఇంకో మేలుంది. పాత పద్ధతిలో 20 లక్షల ఇంటికి 10 లక్షలకే బీమా ఉంటే, 2 లక్షల నష్టానికి లక్షే ఇచ్చేవారు. ఈ పాలసీలో ఆ కోత లేదు.

ఇక అసలు విషయం. నీళ్ళు తీయగానే మన ఆడవాళ్ళు చీపురు, బకెట్ పట్టుకుంటారు. ఆ బురద, ఆ కంపు చూస్తూ ఎవరు ఊరుకోగలరు? కానీ అమ్మా, కడగడానికి ముందు ఒక్క గంట ఆగండి. గోడ మీద నీటి చార, తడిసిన పరుపులు, బీరువా, ఫ్రిజ్జు, దాని వెనక నంబరు, అన్నీ ఫోనులో ఫొటోలు తీయించండి. తడిసిన ఫ్రిజ్జు పనిచేస్తుందేమోనని స్విచ్చి వేయకండి. కంపెనీకి ఆ రోజే ఫోను చేసి క్లెయిము నంబరు రాసుకోండి. పాడైన వస్తువులు సర్వేయరు చూసేదాకా ఓ మూల ఉంచండి. కుళ్ళినవి పారేయక తప్పకపోతే ఫొటో తీసి, జాబితాలో రాసి, కంపెనీకి చెప్పి పారేయండి.

సర్వేయరు ఫీజు కంపెనీదే, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. 2024 నిబంధనల ప్రకారం 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి. బిల్లులు కొట్టుకుపోయాయంటే దిగులుపడకండి. కొన్న షాపులో నకలు అడగండి, బ్యాంకు స్టేట్‌మెంటు చూపండి, పెళ్ళి ఫొటోలో ఆ బీరువా కనిపిస్తే అదీ చూపండి.

కంపెనీ కాదంటే, తక్కువ కట్టిందంటే, ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందివే. 50 లక్షల దాకా తగాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.