ముందు ఎవరి పని?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న మా లెక్కల మాస్టారు అడిగారు: "కంప్యూటర్ ఉద్యోగం అంటావు గానీ, ఇంతకీ నువ్వు చేసే పనేటిరా?" అని. మాస్టారూ, నా పని వరస తేల్చడం.

బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో నడుస్తున్న కంప్యూటర్ వ్యవస్థలో ఏ మార్పు కావాలన్నా అర్జీ పెట్టాలి. దాన్ని మేం చేంజ్ రిక్వెస్ట్ అంటాం. అర్జీలు ఎక్కువ, చేసే చేతులు తక్కువ. ప్రతిదాని మీదా 'అర్జెంటు' అనే రాసి ఉంటుంది.

వరస అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకి కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఎవరి ఊరికి వాళ్లు ముందు కరెంటు కావాలనుకోవడం న్యాయమే. కానీ వీధిలో స్తంభం నిలబెట్టినంత మాత్రాన దీపం వెలగదు. ముందు సబ్‌స్టేషన్, తర్వాత ఫీడర్ లైను, ఆ తర్వాతే వీధి. మా అర్జీల్లోనూ దేనిమీద మరెన్ని ఆధారపడ్డాయో ముందు చూసుకుంటాం.

తర్వాత మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది లేక ఎంతమంది ఇబ్బంది పడుతున్నారు? ఎన్నాళ్లు ఆగగలరు? చేశాక తేడా వస్తే వెనక్కి తిప్పగలమా?

ఒక ఆసుపత్రి నుంచి ఒకే వారం రెండు అర్జీలు వచ్చాయి. పైఅధికారి చూసే రిపోర్టులో రంగులు మార్చమని ఒకటి. దానికోసం మూడుసార్లు ఫోన్లొచ్చాయి. చీటీ పోగొట్టుకున్న పాత రోగిని ఫోన్ నంబరుతో వెతికే వీలు పెట్టమని రెండోది. దానికి ఒక్క ఫోనూ రాలేదు. రాసింది ఓపీ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి. ఆ క్యూలో నిలబడేది తొలి బస్సెక్కి వచ్చిన ముసలివాళ్లు. రెండోదే ముందు చేశాం.

ఇక మూడో ప్రశ్న. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకే ఎంత తొందరైనా ముందు కొద్దిచోట్ల చేసి చూడాలి.

మరో మాట. చిన్నదని పక్కన పెట్టిన అర్జీ అక్కడే ఉండిపోతుంది. కాబట్టి వారానికోసారి అన్నిటికన్నా పాతదాన్ని బయటికి తీసి చదువుతాం. ఎందుకు ఆగిందో అడిగినవాళ్లకి చెబుతాం.

మన సంఘం ముందూ ఇప్పుడు అర్జీలున్నాయి. ముఖద్వారానికి ఆర్చి ఒకటి. స్టేజీకి పైకప్పు ఒకటి. ఆడపిల్లల మరుగుదొడ్లకి నీళ్ల ట్యాంకు ఒకటి. ఆర్చి కావాలనే వాళ్లం మైకు దగ్గర ఉన్నాం. ట్యాంకు కావలసిన పిల్లలు బ్యాడ్జీలు పెట్టుకుని మనకి మంచినీళ్లు అందిస్తున్నారు. వాళ్లని ఎవరూ అడగలేదు.

ఆర్చి వద్దని నేననను. వచ్చే ఏడు కట్టుకుందాం. చందా రాసేముందు ఆ మూడు ప్రశ్నలూ ఒక్కసారి వేసుకోండి. నా వంతు ట్యాంకు కింద రాశాను.

సెలవు.