చూచిన చిత్రములు – చదివిన పుస్తకములు
(రజతోత్సవ సభయందు ఒక చందాదారుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను విమర్శకుడను కాను. అలంకారశాస్త్రము చదివినవాడను కాను. ఈ గ్రంథాలయమున చందా కట్టి పుస్తకములు తీసికొనిపోవు సామాన్య పాఠకుడను. రాత్రి భోజనమైన పిదప ఇంటిల్లిపాదితో కూర్చుండి సినిమా చూచువాడను. అయినను కార్యదర్శిగారు నన్ను పిలిచి, “ఈ నడుమ చూచినవి, చదివినవి చెప్పండి. నచ్చినది నచ్చినదనండి, నచ్చనిది నచ్చలేదనండి” అని ఆజ్ఞాపించిరి. అందుచేత సాహసించి ఈ వేదిక నెక్కితిని.

మన పెద్దలు చిందు భాగవతమును, ఒగ్గుకథను తెల్లవారుదాక చూచి, మరునాడు నాట్లు వేయుచు, కలుపు తీయుచు ఆ కథలోని మంచిచెడ్డలను తర్కించుకొనెడివారు. చూచుట ఒక రాత్రి, చెప్పుకొనుట పది దినములు. నేడు మన చేతిలోని ఫోనులో వంద కథలున్నవి. ఎవరి కథ వారు చూచుకొని, ఎవరి దిండుపై వారు నిద్రించుచున్నారు. చెప్పుకొనుట మాత్రము తగ్గినది. ఆ లోటును కొంత తీర్చవలెనను కోరికతోనే నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట ‘మల్లేశం’. ఇది 2019లో వచ్చిన చిత్రము. మనకు దూరముకాని ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారి జీవితము దీనికి ఆధారము. పోచంపల్లి చీర నేయుటకు పూర్వము దారమును మేకుల చుట్టు పోయవలెను. దీనిని ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఇటునటు ఆడవలెను. తల్లి భుజము నొప్పిని చూడలేక, బడి చదువు నడుమనే మానిన ఆ కుమారుడు ఆసు యంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ చిత్రము నాకు మిక్కిలి నచ్చినది. గొప్పవాని కథ చెప్పునపుడు అతడు పుట్టుకతోనే గొప్పవాడని చెప్పుట మన సినిమాలకు పరిపాటి. ఇందులో అతడు ఓడును, అప్పుపడును, నలుగురిలో నవ్వులపాలగును. అందుచేతనే అతని గెలుపును నమ్మగలిగితిని.

రెండవది 2024లో ఫోనులకే వచ్చిన ధారావాహిక ‘నైంటీస్’. ఒక గణితోపాధ్యాయుని మధ్యతరగతి ఇల్లు, పొదుపు, పిల్లల మార్కులు – ఇది కథ. మా ఇంట అందరును కడుపుబ్బ నవ్వితిమి. కాని పిల్లవానిని మార్కులతో తూచు కాఠిన్యమును కడకు ప్రేమగానే లెక్కవేసి సరిపెట్టుట నాకు సమ్మతము కాలేదు. నేనును అట్టి తండ్రినే కనుక ఈ మాట అనుటకు నాకు అధికారమున్నదనుకొందును.

ఇక ‘దాసి’. బి. నర్సింగరావుగారు 1988లో తీసిన ఈ చిత్రమునకు అయిదు జాతీయ పురస్కారములు వచ్చినవి. నటి అర్చనకు ఉత్తమ నటి పురస్కారము, చిత్రకారులు తోట వైకుంఠంగారికి కళాదర్శకత్వమునకు పురస్కారము అందులోనివే. నిజాం కాలపు గడిలో కమలాక్షి అను దాసి బ్రతుకు ఇందలి కథ. నిజము దాచక చెప్పెదను: మొదటిసారి నాకు విసుగు పుట్టినది. పాటలు లేవు, మాటలు తక్కువ, ఆమె ఊడ్చును, తోమును, నీరు మోయును. మా అబ్బాయి సగములో లేచిపోయెను. వారము గడచిన పిదప ఒంటరిగా మరల చూచితిని. అప్పుడు తెలిసినది – ఆ విసుగే ఆమె జీవితమని. తన కడుపులోని బిడ్డపై సయితము తనకు అధికారము లేని ఆడుదానికి మాటలెక్కడివి? నిదానముగా నడచు చిత్రమును తొందరపడి తిట్టరాదని ఆనాడు నేర్చుకొంటిని.

ఆ గడిని ఇంకను తెలిసికొనవలెనని మన గ్రంథాలయమునకు వచ్చి దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లర దేవుళ్లు’ తీసికొంటిని. 1969లో వెలువడిన నవల యిది. నాలుగు వేదములను తెలుగున అనువదించిన ఆ మహానుభావుడే, మన పల్లెల దొరలను, కరణములను చిల్లర దేవుళ్లని పేరుపెట్టి కడిగివైచెను. ఇందులోని పాత్రలు మన ఇండ్లలో మాటాడు భాషనే, ఉర్దూ పలుకులతో సహా మాటాడును. నాకు లోపముగా తోచినది ఒక్కటే: సంగీతజ్ఞుడైన సారంగపాణి మీద రచయితకు గల మక్కువలో నాలుగవ వంతైన గడిలోని ఆడువారిమీద చూపిన బాగుండెడిది. ఆ లోటు ‘దాసి’ తీర్చినది. అందుచేత ఈ రెంటిని జంటగా తీసికొనుడని మనవి.

తరువాత ‘మా భూమి’. కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన నవల, వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్ దర్శకత్వము, 1980లో మన తెలుగు తెరపై విడుదల. తెలంగాణ రైతుల పోరాటమును మూడు భాషలవారు కలసి చెప్పుట నాకు అబ్బురమనిపించినది. బయటివాడు మన కథ నేమి ఎరుగునని ఇకమీదట తొందరపడి అనను.

ఇప్పుడు ‘బలగం’. వేణు యెల్దండిగారు 2023లో తీసిన ఈ చిత్రమును తెలంగాణమున అనేక గ్రామములలో బహిరంగముగా తెర కట్టి ప్రదర్శించిరి. కొమురయ్య యను ముసలాయన చనిపోవును. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇరువది సంవత్సరముల క్రిందట ఒక నల్లిబొక్క విషయమున బావమరదులకు మాట పట్టింపు వచ్చి, ఆడబిడ్డ పుట్టింటికి దూరమైయుండును. కడపట పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడగా కంట నీరు పెట్టనివారు లేరు. ఆ మొగిలయ్యగారు 2024 డిసెంబరులో గతించిరి. నాకొక్క ఫిర్యాదు కలదు: తగవు మగవారిది, రాజీయు మగవారిది, ఇరువది యేండ్లు పుట్టింటి గడప త్రొక్కని ఆ లక్ష్మి మనసులో ఏమున్నదో చిత్రము తగినంత అడుగలేదు.

ఆ చిత్రము చూచి విడిపోయిన తోబుట్టువులు కలిసిరని వార్తలు వచ్చినవి. నా అనుభవము అట్లు కాలేదు. మన కీసర ప్రక్కనే బాహ్యవలయ రహదారి వచ్చిన పిదప భూముల ధరలు పెరిగినవి. ధరలతోపాటు తగవులును పెరిగినవి. మా అన్నగారికిని నాకును చేను అమ్మకము దగ్గర మాట తేడా వచ్చి నాలుగేండ్లు మాటలు లేవు. ‘బలగం’ చూచి నేనును ఏడ్చితిని. మరునాడు ఆయన వాకిటి ముందునుండియే తల త్రిప్పక పోయితిని. ఏడ్చుట సులభము, గడప ఎక్కుట కష్టము.

ఆపైన కొన్నాళ్లకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’ తీసికొంటిని. వంటపని చేయుచు చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకములు మోసుకొని తిరిగి పాఠకులకు చేర్చిన పుణ్యాత్ముడు ఆయన. ఆ పుస్తకము వెనుక అంటించిన తేదీల చీటీపై నాకు పూర్వము తీసికొన్నవారి సభ్యసంఖ్య కనబడినది. 41. నాది 42. మేమిరువురము ఒకేనాడు ఒకే వరుసలో నిలుచుండి సభ్యులమైతిమి. నేను చదువుచున్న పుటలనే పక్షము దినముల క్రిందట మా అన్నగారు చదివియున్నారు. దొర కంటబడిన భూమి చేజారిన పేదల కథ చదివి ఆయన ఏమనుకొనెనో తెలిసికొనవలెనను ఆరాటము పుట్టినది. ఆ సాయంకాలము పుస్తకము చంకన పెట్టుకొని వారింటికి పోయితిని.

“ఈ పుస్తకం నువ్వు గూడ చదివినవా, అన్నా?” అంటిని.

“చదివిన. కూసో, చాయ్ తాగు” అనెను.

చేను తగవు ఇంకను పూర్తిగా తీరలేదు. తీరినదని చెప్పిన అబద్ధమగును. కాని మాటలున్నవి. సినిమా నా మనసును మెత్తపరచినది. పుస్తకము నాకు పోయి అడుగుటకొక మాట నిచ్చినది. రెండును కావలెనని నా నమ్మకము.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాడు తెలుగు పుస్తకమొక చోట దొరకుటయే గొప్ప. నేడు దొరకుట గొప్ప కాదు, కలసి చెప్పుకొనుట గొప్ప. కావున కార్యవర్గమువారికి ఒక విన్నపము: నెలకొక రాత్రి ఈ ఆవరణలో తెర కట్టి ఒక మంచి చిత్రము చూపుడు. దానికి తగిన పుస్తకమును బల్లపై నుంచుడు. మరుసటి ఆదివారము అందరము కూర్చుండి వాదించుకొందము. మాట పట్టింపు వచ్చినను పుస్తకము మీదనే రానిండు. చేను మీద వద్దు.

మా అన్నగారు మూడవ వరుసలో కూర్చుండియున్నారు. ‘దాసి’ విషయమున నా అభిప్రాయమును ఆయన అంగీకరింపరు. మొదటి వాదము మాదే కానిండు.