లక్ష్మీబాయి గెలిచిన నేల
(సంగం లక్ష్మీబాయి స్మారకోపన్యాసం, మాదాపూర్)



సైదాబాద్ వైపు వెళ్లే బస్సులో కండక్టరు "ఐ.ఎస్. సదన్" అని కేకేస్తే దిగేవాళ్లు దిగిపోతారు. ఆ పొడి అక్షరాల వెనక ఇందిరా సేవా సదన్ ఉందనీ, ఆడపిల్లల కోసం దాన్ని నిలబెట్టింది సంగం లక్ష్మీబాయి గారనీ దిగినవాళ్లలో ఎందరికి తెలుసు? గుంటూరు శారదా నికేతనంలో చదువుకుని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి ఆమె.

ఆమె పేరున మాట్లాడటానికి మాదాపూరే తగిన చోటని నా నమ్మకం. 1957, 1962లలో ఆమె వికారాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. తర్వాత 1967లో మెదక్ నుంచి. ఇవాళ వికారాబాద్, మనం కూర్చున్న ఈ శేరిలింగంపల్లి రెండూ చేవెళ్ల లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. పునర్విభజన తర్వాత ఆ స్థానానికి 2009 నుంచి 2024 దాకా నాలుగు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. శేరిలింగంపల్లి అసెంబ్లీకి 2009 నుంచి 2023 దాకా మరో నాలుగు. అక్కడా అంతే. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఎన్ని వేలమంది అమ్మాయిలు ఈ రోడ్ల మీదికి వచ్చారో మీకు నేను చెప్పాలా? అయినా అరవై ఏళ్లకు ముందే ఒక స్త్రీ దాటిన గడప దగ్గరే మనం ఆగిపోయాం. ఇది నన్ను నిద్ర పోనివ్వని విషయం.

2023 నవంబరు 30, పోలింగు రోజు. మా ఇంట్లో పనిచేసే ఆమె పొద్దున్నే ఓటేసి వచ్చింది. గిన్నెలు తోముతుంటే వేలి మీద సిరా సబ్బు నురగలో నల్లగా కనబడుతోంది. "అక్కా, మీరు వెయ్యలేదా?" అంది. "నా ఓటు ఊళ్లో ఉందమ్మా" అన్నాను. "ఇన్నేండ్ల సంది ఈడనే ఉంటున్నరు గదా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతున్నాను, ఇక్కడి పన్ను కడుతున్నాను.

ఆ ఎన్నికలో 119 మంది శాసనసభ్యుల్లో 10 మంది స్త్రీలు గెలిచారు. మూడోవంతు సీట్లు స్త్రీలకు ఇవ్వాలన్న చట్టాన్ని అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించి, అమలును జనగణనకూ పునర్విభజనకూ ముడిపెట్టింది. ఆ లెక్కన మన శాసనసభలో దాదాపు 40 మంది స్త్రీలు ఉండాలి. తక్కినవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? బస్తీల్లో, వార్డుల్లో పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లలోంచే రావాలి. లేకపోతే ఆ సీట్లు నాయకుల ఇళ్లలోని ఆడవాళ్లకే దక్కుతాయి. స్త్రీలకు కేటాయించిన డివిజన్లలో ఫ్లెక్సీ మీద భర్త బొమ్మే పెద్దగా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం.

ఒక చిన్న నియమం చెబుతాను. నగరపాలక ఓటర్ల జాబితాలో పేరు లేనిదే కార్పొరేటర్‌గా నామినేషన్ వేయడానికే వీల్లేదు. అంటే ఊళ్లో ఓటు ఉంచుకుని మనం ఇక్కడి ఓటు ఒక్కటే వదులుకోవడం లేదు, నిలబడే హక్కు కూడా వదులుకుంటున్నాం.

నేను ఫారం 8 నింపి, ఓటు కొండాపూర్‌కు మార్చుకున్నాను. అదే ఫారం వెనక బల్ల మీద ఉంది. కరెంటు బిల్లో, రిజిస్టరైన కిరాయి అగ్రిమెంటో ఫోన్‌లో ఉన్నవాళ్లు వెళ్లే ముందు అక్కడ ఒక్క పది నిమిషాలు ఆగండి. నేనూ అక్కడే ఉంటాను.