నల్లటి మోషన్‌ను మాత్ర మీదికి నెట్టేయవద్దు
(వార్డు వరండాలో రోగుల బంధువులకు ఒక సిస్టర్ ఇచ్చిన ప్రసంగ పాఠము)

మీలో చాలామందికి రాత్రి సరిగా నిద్ర లేదని నాకు తెలుసు. చాపలు చుట్టి, క్యారియర్లు కడుక్కుని, డాక్టరుగారి రౌండ్స్ కోసం ఎదురుచూస్తున్న ఈ కాస్త సమయంలోనే నేను చెప్పదలచింది చెబుతాను. ఈ రోజు రెండు జబ్బుల గురించి మాట్లాడుకుందాము. ఒకటి, కాళ్ళకు రక్తం తీసుకుపోయే నాళాలు పూడుకుపోవడం. రెండవది, కడుపులోనూ పేగులలోనూ వచ్చే క్యాన్సర్. కాలికీ కడుపుకీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. అందువల్ల నేను చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం మగవారి సర్జికల్ వార్డులో ఒక తాతగారు ఉండేవారు. వ్యవసాయం చేసుకునే మనిషి. నలభై ఏళ్ళుగా చుట్ట అలవాటు. పొలం గట్టు మీద వంద గజాలు నడిచేసరికి కుడికాలి పిక్క పట్టేసేది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గేది, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేసేది. "నరం పట్టింది" అని ఊళ్ళో తైలం పెట్టి తోమించారు, సూది మందులు వేయించారు. ఏడాది గడిచాక బొటనవేలు నల్లబడితే అప్పుడు మా దగ్గరకు తీసుకువచ్చారు. పూడుకుపోయిన నాళంలో బెలూన్ పెట్టి తెరిచి, స్టెంట్ వేశారు. వేలు ఒకటి పోయింది, కాలు నిలిచింది. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు రాసి ఇంటికి పంపారు.

డిశ్చార్జి రోజున మాత్రలు ఎలా వేసుకోవాలో వాళ్ళబ్బాయికి చెప్పింది నేనే. "ఈ మాత్రలకు ఒక్కొక్కసారి రక్తం పోవచ్చు, మోషన్ నల్లగా రావచ్చు" అన్నాను. అంతవరకే అన్నాను. నల్లగా వస్తే వెంటనే తీసుకురమ్మని గట్టిగా చెప్పలేదు. మూడు నెలలకు నల్లగానే వచ్చింది. సిస్టరుగారు ముందే చెప్పారు కదా, మాత్ర వేడి చేసిందని కొడుకు మాత్రలు ఆపేసి మజ్జిగ పట్టించాడు. రంగు మామూలైంది, నెల తరువాత మళ్ళీ నల్లబడింది. ఆయాసంతో, పాలిపోయిన ముఖంతో తీసుకువచ్చేసరికి హిమోగ్లోబిన్ ఆరు. కాలు మళ్ళీ చల్లబడింది. ఎండోస్కోపి చేస్తే కడుపులో పుండు కనబడింది, ముక్క పరీక్షలో అది క్యాన్సర్ అని తేలింది. "సిస్టరుగారూ, మీరే కదా అలా వస్తుందన్నారు" అని ఆ అబ్బాయి అన్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఇప్పుడు జబ్బు సంగతి. మనవాళ్ళు ప్రతిదానినీ నరం అంటారు. నరము వేరు, రక్తనాళము వేరు. గుండె నుండి మంచి రక్తాన్ని తెచ్చే నాళాన్ని ధమని అంటారు. పొగాకు, షుగరు, బి.పి., కొవ్వు వీటివల్ల ధమని లోపలి గోడకు పాచి పట్టినట్లు పేరుకుని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు కాలికి ఆ కొంచెం రక్తమే చాలుతుంది. నడిచినప్పుడు పిక్క కండకు ఎక్కువ రక్తం కావాలి, అది అందదు కాబట్టి పట్టేస్తుంది. నిలబడితే తగ్గుతుంది. ఈ గుర్తు పట్టుకోండి. తెలుసుకునేందుకు ఖరీదైన స్కానే అక్కరలేదు. చీలమండ దగ్గర బి.పి. చూసి, దానిని చేతి బి.పి.తో భాగిస్తారు. 0.9 కన్నా తక్కువ వస్తే నాళం ఇరుకైందని అర్థం. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పు చూపవచ్చు, వారికి వేరే పరీక్ష చేస్తారు. రాత్రి పడుకుంటే పాదం నొప్పి పుట్టి, మంచం మీది నుండి కాలు కిందికి వేలాడదీస్తే హాయిగా ఉంటోందంటే జబ్బు ముదిరినట్లు. మానని పుండు, నల్లబడిన వేలు ఉంటే ఇక రోజులు లెక్కపెట్టకూడదు. దయచేసి అలాంటి కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టకండి. స్పర్శ తెలియక కాలి, బొబ్బలెక్కి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను.

నొప్పి వస్తోంది కాబట్టి నడవనివ్వకూడదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. పుండు లేనివారి విషయంలో ఇది సరికాదు. అమెరికాలో 111 మందితో ఒక పరిశోధన చేసి 2012లో ఫలితం ప్రకటించారు. కొందరికి మందులు మాత్రమే, కొందరికి స్టెంట్, కొందరికి ఆసుపత్రివారి పర్యవేక్షణలో వారానికి మూడుసార్లు నడక. ఆరు నెలల తరువాత ఎంతసేపు నడవగలరో చూస్తే అందరికన్నా ఎక్కువ పెరిగింది నడక వారిలోనే. స్టెంట్ వేసినవారు మాత్రం రోజువారీ జీవితం హాయిగా ఉందని ఎక్కువగా చెప్పారు. కాబట్టి స్టెంట్ దండగ అని నేను అనడం లేదు. డాక్టరుగారు నడవమంటే, పిక్క బాగా పట్టేవరకు నడిపించండి, కూర్చోబెట్టండి, తగ్గాక మళ్ళీ నడిపించండి. అలా అరగంట, ముప్పావుగంట. పక్కన ఒకరు నడిస్తేనే ఇది సాగుతుంది, ఒంటరిగా పంపితే వీధి చివర అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి వస్తారు.

పరిశోధన అంటే మనుషుల మీద ప్రయోగం చేయడమేనా అని మీరు భయపడతారు. అది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే నా పొరపాటుకు జవాబు అందులోనే దొరికింది. గుండె నాళాల జబ్బు, కాళ్ళ నాళాల జబ్బు ఉన్న 27,395 మందిని 33 దేశాలలో తీసుకున్నారు. కెనడాలోని హామిల్టన్ నగరంలో ఉన్న పరిశోధకులు దీనిని నడిపించారు. కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ గారు వారిలో ముఖ్యులు. కొందరికి ఆస్పిరిన్ మాత్రమే, కొందరికి ఆస్పిరిన్‌తో పాటు తక్కువ మోతాదులో రివరాక్సబాన్, మరికొందరికి రివరాక్సబాన్ మాత్రమే. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్లు నిర్ణయమవుతుంది. తమకు నచ్చిన రోగికి నచ్చిన మందు ఇచ్చే వీలు డాక్టర్లకు ఉండదు. ఎవరు ఏది వేసుకుంటున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 2017లో ఫలితం వచ్చింది. రెండు మందులూ కలిపి వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, ఆ కారణాలతో మరణం కలిపి నూటికి 4.1. ఆస్పిరిన్ మాత్రమే వేసుకున్నవారిలో 5.4. కాళ్ళ జబ్బు ఉన్నవారిలో కాలు తీసేయవలసిన పరిస్థితి కూడా తగ్గింది. అయితే పెద్ద రక్తస్రావాలు 1.9 నుండి 3.1కి పెరిగాయి. లాభం ఉంది, ఖరీదూ ఉంది.

అక్కడితో ఆగితే మనము కూడా "మాత్ర వల్ల రక్తం పోతుంది, అంతే" అనుకుంటాము. వారు ఆగలేదు. రక్తం పోయినవారు తరువాత ఏమయ్యారో చూసి 2019లో ప్రకటించారు. కడుపు, పేగుల నుండి రక్తం పోయినవారిలో నూటికి ఏడుగురికి పైగా ఆ భాగాలలోనే క్యాన్సర్ బయటపడింది. రక్తం పోనివారిలో అది నూటికి ఒక్కరు కూడా కాదు. లెక్క కడితే ఇరవై రెట్లు. మాత్ర క్యాన్సర్‌ను పుట్టించిందని దీని అర్థం కాదు. అప్పటికే లోపల ఎవరికీ తెలియకుండా ఉన్న పుండు నుండి, రక్తం పలచబడినందువల్ల ముందుగా కారడం మొదలైంది. చాలామందికి నల్లటి మోషన్ మామూలు అల్సర్ వల్లనో మరో చిన్న కారణం వల్లనో వస్తుంది, అది నిజమే. కానీ నూటికి ఏడుగురిలో మీవారు ఉన్నారో లేరో ఇంట్లో కూర్చుని తేల్చలేము, ఎండోస్కోపియే తేల్చాలి. అందులోనూ చుట్ట, బీడీ, సిగరెట్టు కాలి ధమనినీ పాడుచేస్తాయి, అన్నవాహిక, కడుపు క్యాన్సర్లకూ కారణమవుతాయి. కాబట్టి ఒకే మనిషిలో రెండూ కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఐరన్ మాత్రలకు కూడా మోషన్ నల్లబడుతుంది. తేడా ఏమిటంటే, రక్తం పోయినప్పుడు అది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. తేడా తెలియకపోతే తెలిసినట్లు నటించనక్కరలేదు, తీసుకురండి.

క్యాన్సర్ అని తేలిన తరువాత మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఎక్కువగా వినబడేది ఇది. "గడ్డ కనబడుతుంటే ముందు కోసి తీసేయకుండా ఈ సెలైన్లు ఎక్కించడం ఏమిటమ్మా, ఈలోగా పెరిగిపోదా?" న్యాయమైన ప్రశ్న. దీనికి బ్రిటన్‌లో 503 మందితో చేసిన పరిశోధన 2006లో జవాబు చెప్పింది. ఆపరేషన్ మాత్రమే చేసినవారిలో ఐదేళ్ళకు నూటికి 23 మంది బ్రతికి ఉన్నారు. ఆపరేషన్‌కు ముందూ వెనుకా కీమో ఇచ్చినవారిలో 36 మంది. జర్మనీలో 716 మందితో ఇంకొక మందుల కలయికను పోల్చి చూసి 2019లో ప్రకటించారు. పాత కలయికతో సగం మంది 35 నెలలు దాటితే, కొత్తదానితో 50 నెలలు దాటారు. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు నాలుగు విడతలు, తరువాత నాలుగు విడతలు అని చెబుతున్నది ఆ పరిశోధన నుండి వచ్చినదే. కంటికి కనబడని కణాలు గడ్డ దాటి వెళ్ళి ఉంటాయి, కత్తి వాటిని అందుకోలేదు. మందు అందుకుంటుంది. అయితే మనిషి తట్టుకోగలగాలి. తిండి లేక ఎముకల గూడైనవారికి ముందు బలం పట్టించాలి, అది డాక్టరుగారు చూసి నిర్ణయిస్తారు.

పెద్దపేగు క్యాన్సర్‌లో దీనికి తలకిందులైన అనుమానం వింటాను. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పక్క మంచం ఆయనకు ఆరు నెలలు ఇచ్చారు, మావారికి మూడు నెలలకే చాలన్నారు, మా దగ్గర డబ్బు లేదనా?" అని ఏడ్చింది. కాదమ్మా. 12 దేశాలలో జరిగిన ఆరు పరిశోధనలను, మొత్తం 12,834 మంది వివరాలను కలిపి 2018లో చూశారు. ఆపరేషన్ తరువాత, కొన్ని గ్రంథులకే పాకి ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఒక రకం మందుల కలయికతో మూడు నెలలు ఇచ్చినా ఆరు నెలలు ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటే. ఆక్సాలిప్లాటిన్ అనే మందు చేతులు, పాదాలు తిమ్మిరెక్కిస్తుంది. ఆరు నెలలు తీసుకున్నవారిలో నూటికి సుమారు 45 మందిని అది గట్టిగా ఇబ్బంది పెడితే, మూడు నెలలవారిలో సుమారు 15 మందినే పెట్టింది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆరు నెలలు అవసరం కావచ్చు. పక్క మంచంతో పోల్చుకుని కుమిలిపోకండి, రౌండ్స్‌లో ఆ ప్రశ్నే డాక్టరుగారిని అడగండి.

ఈ మందు తిమ్మిరినీ, ధమని జబ్బునూ కలిపేయకండి. మందు తిమ్మిరి రెండు పాదాలకూ వస్తుంది, చల్లని నీరు తగిలితే చురుక్కుమంటుంది, పాదం రంగు మారదు. ఒక కాలు మాత్రమే చల్లగా, పాలిపోయి, నొప్పిగా ఉంటే అది రక్తం అందక. ఒక కాలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు, క్యాన్సర్ ఉన్నవారిలో అది మామూలుకన్నా ఎక్కువ. ఈ చివరి రెండింటికీ తెల్లారేదాకా ఆగకూడదు.

పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో ముగిసినవారి గురించి 2025లో ఒక ఫలితం వచ్చింది. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియాలలో 889 మంది. సగం మందికి ఆరోగ్య సూచనల పుస్తకం ఇచ్చారు, సగం మందికి మూడేళ్ళపాటు ఒక శిక్షకుని సాయంతో వ్యాయామం చేయించారు, ఎక్కువమంది చేసింది చురుకైన నడకే. ఎనిమిదేళ్ళకు పుస్తకం తీసుకున్నవారిలో నూటికి 83 మంది, వ్యాయామం చేసినవారిలో 90 మంది బ్రతికి ఉన్నారు. మనము కూడా పుస్తకమే ఇస్తున్నాము కదా అని నాకు నవ్వు వచ్చింది. పుస్తకం చదివి పక్కన పెట్టకుండా, కీమో అయిన మనిషిని సాయంత్రం లేపి కాళ్ళకు చెప్పులు తొడిగేవాళ్ళు కావాలి.

ఎప్పుడైనా మీవారిని ఏదైనా పరిశోధనలో చేరమని అడిగితే, కంగారుగా సంతకం పెట్టకండి, కంగారుగా కాదనకండి. మన దేశంలో 2009 నుండి ఇలాంటివి ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. నమోదు సంఖ్య అడగండి. ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, మావారికి వచ్చేది ఏ మందు కావచ్చు, చేరకపోతే మామూలు వైద్యం ఏమిటి, ఖర్చు ఎవరిది అని అడగండి. 2019 నిబంధనల ప్రకారం కొత్త మందు పరిశోధన వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. పత్రం మీకు తెలిసిన భాషలో ఉండాలి. చదవడం రానివారికి, సంబంధం లేని ఒక సాక్షి ముందు చదివి వినిపించాలి. మధ్యలో మానుకున్నా మీ వైద్యం ఆగకూడదు.

తాతగారికి రక్తం ఎక్కించి, కాలికి మళ్ళీ చికిత్స చేసి, క్యాన్సర్‌కు కీమో ఇచ్చి, తరువాత ఆపరేషన్ చేశారు. రెండేళ్ళ పైచిలుకు బ్రతికారు. ఓపీకి వచ్చినప్పుడల్లా "సిస్టరమ్మా, మోషన్ పసుపుగానే ఉంది" అని నలుగురిలో గట్టిగా చెప్పేవారు, కొడుకు సిగ్గుపడేవాడు. మూడు నెలల ముందే వచ్చి ఉంటే ఎన్నేళ్ళు ఉండేవారో నేను చెప్పలేను. అప్పటినుండి డిశ్చార్జి చీటీ మీద ఎర్ర సిరాతో నా చేత్తో ఒక వాక్యం రాసి, సహాయకుని చేత చదివించి మరీ పంపుతున్నాను.

ఆ వాక్యం ఇది. మోషన్ నల్లగా గాని, రక్తంతో గాని వస్తే మాత్ర ఆపాలా వద్దా అని ఇంట్లో మీరే తేల్చుకోకుండా, ఆ రోజే, రాత్రయినా సరే క్యాజువాలిటీకి రండి, వేసుకుంటున్న మాత్రలన్నీ, ఊళ్ళో ఇచ్చిన నొప్పి బిళ్ళలతో సహా, సంచిలో వేసుకుని తెండి.