కొమ్ము పురుగు పుట్టేది గత్తం కుప్పలో

(ఉద్దానం కొబ్బరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీద పడింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తాతల నాటి కొబ్బరి చెట్లు కూలిపోయాయి. పరిహారం గురించి మనం చాలాసార్లు మాట్లాడాం, ఇంకా మాట్లాడతాం. ఈ రోజు మాత్రం ఆ తర్వాత నాటుకున్న మొక్కల గురించి. వాటి మొవ్వును కొమ్ము పురుగు తొలిచేస్తోంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనబడేది దాని పనే.

ఇనుప చువ్వతో మొవ్వులోంచి పురుగును లాగుతున్నాం. లాగాల్సిందే. కానీ అది పుట్టింది అక్కడ కాదు. తల్లి పురుగు గుడ్లు పెట్టేది గత్తం కుప్పలోనూ, కుళ్లిన కొబ్బరి మోడులోనూ. గత్తం తవ్వినప్పుడు తెల్లగా, లావుగా, వంకర తిరిగి పడుండే పురుగులు అవే. నెలల తరబడి అక్కడే తిని పెరిగి, రెక్కలొచ్చాక చెట్టెక్కుతాయి.

వాటిని చంపడానికి మెటారైజియం అనే బూజు ఉంది. 1879లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త గోధుమ చేలను తినే పెంకు పురుగు మీద దీన్ని గుర్తించాడు. ఇదేదో నిన్న మొన్న కంపెనీలు కనిపెట్టింది కాదు. బూజు విత్తనం పురుగు చర్మానికి అంటుకుని, మొలిచి, లోపలికి దూరి, ఒళ్లంతా పాకుతుంది. చచ్చిన పురుగు గట్టిపడి, పైన ముందు తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు పడుతుంది. ఆ పురుగే పక్క పురుగుకి అంటిస్తుంది. గుళికలు చల్లి మర్నాడే చూసే అలవాటు మనది. ఇది అలా కాదు, రోజులు పడుతుంది. ఆ గుళికల్లో ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి ప్రభుత్వమే నిషేధించింది.

నీళ్లలో కలిపి, సాయంత్రం పూట గత్తం కుప్ప మీద, మోడుల మీద చల్లాలి. ఎండ తగిలితే బూజు విత్తనం చచ్చిపోతుంది. కుప్ప ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. తెగుళ్ల మందులు మాంకోజెబ్, కార్బెండజిమ్ లాంటివి దీనితో కలపకూడదు. అవి చంపేది బూజునే కదా! పొడి మందైతే గ్రాముకు కనీసం 10 కోట్ల జీవకణాలు ఉండాలని నిబంధన. ప్యాకెట్ మీద ఆ అంకె, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఎండలో పెట్టి అమ్మే షాపులో కొనకండి. విజయనగరం వైపు వేరుశనగ, చెరకు రైతుల్ని పీడించే వేరు పురుగు మీద కూడా ఇది పనిచేస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. పురుగుకి రెక్కలున్నాయి, గట్టు లేదు. మన కుప్పలో చల్లి, పక్కాయన కుప్ప వదిలేస్తే డబ్బు దండగ. ఊరు ఊరంతా ఒకే వారంలో చల్లాలి. కేరళలో కాయంకుళం పరిశోధనా కేంద్రం వాళ్లు మహిళా సంఘాల చేత సగం ఉడికిన బియ్యం మీద ఈ బూజును పెంచించి, ఊళ్లకు ఊళ్లే చల్లించారు. మన డ్వాక్రా అక్కలు చెయ్యలేరా? మూల విత్తనం, శిక్షణ ప్రభుత్వం ఇవ్వాలి. దానికి కోనసీమలోని అంబాజీపేట దాకా పరుగెత్తకుండా ఉద్దానంలోనే ఒక యూనిట్ పెట్టాలి. తుపానుకి కూలి ఇంకా తోటల్లోనే కుళ్లుతున్న మోడులు తీయించే ఖర్చు కూడా అడుగుదాం. ఈ మూడు కోర్కెలతో వినతిపత్రం రాశాం. సంతకం పెట్టేటప్పుడు మీ ఊళ్లో గత్తం కుప్పలు ఎన్ని, కూలిన మోడులు ఎన్ని ఉన్నాయో లెక్క రాసి ఇవ్వండి.